పాత క్రాఫ్ట్ కంపెనీ ట్రాన్స్‌మిటర్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చాలి: లోపలి బోర్డు ఉంచాలా, తీసేయాలా?

ఒహాయో_రెక్కలు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, ఇప్పుడు ఉండేది డేటన్ దగ్గర. రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేయడం ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. ఇన్నాళ్లూ ఫోమ్ విమానాలు, కొత్త రేడియోలే. పాత సామాన్ల జోలికి ఎప్పుడూ పోలేదు.

ఈమధ్య మా క్లబ్బు స్వాప్ మీట్‌లో ఒక పెద్దాయన టేబుల్ మీద క్రాఫ్ట్ ట్రాన్స్‌మిటర్ కనిపించింది. బంగారు రంగు అల్యూమినియం ముఖం, చుట్టూ నల్ల వినైల్, పైన చిన్న ముల్లు మీటర్, మీటరు పొడవు సాగే ఏంటెన్నా. ఏంటెన్నాకి ఎరుపు, తెలుపు రిబ్బన్లు ఇంకా కట్టే ఉన్నాయి. 70లలో కొన్నారట. "చేతులు వణుకుతున్నాయి, నేనిక ఎగరేయలేను. బీరువాలో పెట్టుకునేవాడికి ఇవ్వను, ఎగరేసేవాడికే ఇస్తాను" అన్నారు. సరేనని మాటిచ్చి తెచ్చుకున్నాను. అందుకే ఇది షోకేసులో కూర్చోకూడదు.

దీనితో అగ్లీ స్టిక్ ఎగరేయాలని ఉంది. ఆ విమానం గీసింది కూడా ఈ రేడియో కంపెనీ పెట్టిన ఫిల్ క్రాఫ్టేనని తెలిశాక ఇంకో విమానం మీదికి మనసు పోవడం లేదు.

వెనక మూత తీసి చూస్తే బ్యాటరీ ప్యాక్ చుట్టూ తెల్లటి పొడి, ఒక మూల పచ్చగా చిలుము. స్టిక్కుల కదలికని పల్సులుగా మార్చే ఎన్‌కోడర్ బోర్డు, వాటిని గాల్లోకి పంపే రేడియో బోర్డు రెండూ చూడటానికి బాగానే ఉన్నాయి. స్టిక్కులు మెత్తగా కదులుతున్నాయి. ఫ్రీక్వెన్సీ 72.240 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంది. ఇంకా దేనికీ చెయ్యి పెట్టలేదు.

ఉన్నదాన్ని ఉన్నట్టుగానే 72 మీద ఎగరేయవచ్చా? లేకపోతే 2.4కి మార్చేటప్పుడు పాత ఎన్‌కోడర్ వాడుకోవాలా, తీసేసి ఆర్డుయినో (ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) పెట్టాలా? ఇంగ్లీషు వీడియోల్లో అందరూ లోపల మొత్తం ఖాళీ చేసేస్తున్నారు. చూస్తుంటే ప్రాణం ఒప్పడం లేదు. ఇంకో సందేహం, పెట్టె మొత్తం లోహం కదా, 2.4 ఏంటెన్నా ఎక్కడ పెట్టాలి?


కాకినాడ_వైర్‌లెస్:

ముందు ఒక మాట. దానికి ఇప్పుడే కరెంటు ఇవ్వకండి. కొత్త బ్యాటరీ తగిలించి ఆన్ అవుతుందేమో చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆగండి. లోపల ఏ వైరు ఏ స్థితిలో ఉందో తెలియదు. ఒకవేళ అది నిజంగా పనిచేస్తే 72.240 మీద ప్రసారం మొదలుపెడుతుంది, అది ఇంకో సమస్య.

72 సంగతి చెబుతాను. అమెరికాలో ఆ బ్యాండు మోడల్ విమానాలకు ఇప్పటికీ ఉంది. కానీ మీ సెట్టు వెడల్పు చానళ్ల కాలం నాటిది. అప్పట్లో 72.080, 72.160, 72.240 ఇలా దూరం దూరంగా చానళ్లు ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో రంగు రిబ్బను, మీ ఎరుపు, తెలుపు రిబ్బన్లు 72.240వే. 1991లో చానళ్లను 20 కిలోహెర్ట్జ్ ఎడంతో దగ్గరికి జరిపేశారు. ఇప్పుడు 22వ చానలు 72.230, 23వ చానలు 72.250. మీది సరిగ్గా ఆ రెంటికీ మధ్యలో పడుతుంది. ఫీల్డులో ఎవరైనా ఆ రెండిట్లో దేని మీద ఎగరేస్తున్నా, మీరు స్విచ్ వేస్తే వాళ్ల విమానం చేజారిపోవచ్చు. అందుకని ఉన్నది ఉన్నట్టు ఎగరేయడం కుదరదు. 2.4కి మార్చాలన్న మీ నిర్ణయం సరైనదే.

ఇక బ్యాటరీ. ఆ తెల్ల పొడి నికెల్ కాడ్మియం సెల్స్ లోంచి కారిన క్షారం ఎండిపోయి మిగిలింది. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని ప్యాక్ బయటికి తీసేయండి. పాత సెల్స్ చెత్తలో వేయకండి, కాడ్మియం విషం, బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. పొడి పడిన చోట వెనిగర్ గానీ నీళ్లలో కలిపిన నిమ్మ ఉప్పు గానీ పాత టూత్‌బ్రష్‌తో కొంచెం కొంచెంగా రాయండి. నురగ రావడం ఆగేదాకా రాసి, తడిగుడ్డతో తుడిచి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. బంగారు రంగు ముఖం మీద మాత్రం సబ్బునీళ్లు తప్ప ఏదీ వాడకండి. అది అల్యూమినియం మీద ఎక్కించిన పూత. వంటింటి క్లీనర్లలో చాలావాటికి క్షార గుణం ఉంటుంది, ఒకసారి పూత తినేసిందంటే ఆ రంగు మళ్లీ రాదు.

తర్వాత చూడాల్సింది నల్ల వైరు. మైనస్ వైరు సంగతి చెబుతున్నాను. బ్యాటరీ చివర ఇన్సులేషన్ ఒక సెంటీమీటరు ఒలిచి చూడండి. రాగి ఎర్రగా మెరుస్తుంటే అదృష్టం. ఎక్కువసార్లు లోపల బొగ్గులా నల్లగా ఉంటుంది. దాన్ని ఎంత గీకినా సోల్డర్ పట్టదు, పట్టినట్టు కనిపించినా లాగితే ఊడొస్తుంది. ఆ నలుపు బ్యాటరీ దగ్గర ఆగదు, ఇన్సులేషన్ లోపలి నుంచే పాకుతూ స్విచ్చి దాకా పోతుంది. పైకి వైరు కొత్తదానిలా మెత్తగా ఉంటుంది, లోపల సగం పోగులు తెగి ఉంటాయి. విమానం గాల్లో ఉండగా ట్రాన్స్‌మిటర్ ఆరిపోతే అది ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఇందులో పొదుపు వద్దు. బ్యాటరీ నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి బోర్డుకి, చార్జింగ్ సాకెట్టుకి, మొత్తం సిలికాన్ వైరుతో మార్చేయండి. స్విచ్చి కాంటాక్టులు నల్లబడితే స్విచ్చి కూడా మార్చండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేను పాత సెట్లు బాగుచేసి ఇచ్చేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. ఏం చేసినా వెనక్కి తిప్పగలిగేలా ఉండాలి. రేపు ఇంకెవరైనా కావాలనుకుంటే ఒక సాయంత్రం కూర్చుని పాత బోర్డులు మళ్లీ బిగించుకోగలగాలి. అంటే కొత్త రంధ్రం వేయకూడదు, వైర్ల కట్టని కత్తిరించకూడదు. కావాలంటే సోల్డర్ విప్పండి. విప్పే ముందు ఫోటోలు తీసి, ప్రతి వైరుకీ చీటీ కట్టండి. తీసిన బోర్డు, క్రిస్టల్, ఏంటెన్నా, మరలతో సహా ఒక కవర్లో వేసి పెట్టెతోనే ఉంచండి. ఈ సెట్లు ఇక తయారు కావు. ఒహాయోకి ఆనుకునే ఉన్న ఇండియానాలో, మన్సీలో అమెరికా మోడల్ విమానాల సంఘం ఏఎంఏ వాళ్ల మోడల్ ఏవియేషన్ మ్యూజియం ఉంది. వీలైతే వెళ్లి అక్కడి పాత రేడియోలు చూడండి, మీ చేతిలో ఉన్నదాని విలువ అప్పుడు తెలుస్తుంది.

ఆ నియమం ప్రకారం నా సలహా ఏమిటంటే, ఎన్‌కోడర్ పనిచేస్తుంటే దాన్నే వాడండి. స్టిక్కు ఎక్కడుందో దాన్ని కాలంగా మార్చడమే దాని పని. స్టిక్కు ఒక చివర ఉంటే ఇంచుమించు 1 మిల్లీసెకను, మధ్యలో 1.5, రెండో చివర 2. చానళ్లన్నీ (ఇక్కడ చానలు అంటే ఒక్కో స్టిక్కు కదలిక) వరసగా పంపి, చివర ఒక పెద్ద ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీని చూసి రిసీవరు మళ్లీ మొదటి చానలు నుంచి లెక్కపెట్టుకుంటుంది. ఇప్పటి 2.4 మాడ్యూళ్లలో పీపీఎం (ఇలాంటి పల్సుల వరస) ఇన్‌పుట్ ఉన్నవాటికి కావలసిందీ అదే. యాభయ్యేళ్ల కిందటి బోర్డు మాట్లాడే భాష నేటి మాడ్యూలుకి అర్థమవుతుంది! మల్టీప్రోటోకాల్ మాడ్యూల్ తీసుకోండి, 16 స్థానాల గుండ్రటి స్విచ్చి ఉన్న రకం. ఈఎల్‌ఆర్‌ఎస్ అనే ఇంకో రకం మాడ్యూల్ ఇక్కడ పనికిరాదు, దానికి కావలసింది పీపీఎం కాదు, సీరియల్ డేటా.

కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. ఎన్‌కోడర్ పల్స్ బ్యాటరీ ఓల్టేజి దాకా లేస్తుంది, అంటే 9.6. మాడ్యూలు చిప్పు పనిచేసేది 3.3 మీద. తిన్నగా కలిపితే మాడ్యూల్ పోతుంది. పల్స్ దారిలో 10కే (కిలో ఓమ్) రెసిస్టరు, అక్కడి నుంచి గ్రౌండుకి 4.7కే పెడితే 9.6 కాస్తా దాదాపు 3.1కి దిగుతుంది. ఫుల్ చార్జిలో బ్యాటరీ 11 దాటుతుంది కాబట్టి 4.7కేకి పక్కన ఓల్టేజి పెరగకుండా ఆపే 3.3 జీనర్ డయోడ్ కూడా ఒకటి వేయండి.

రేడియో బోర్డుకి పవర్ వెళ్లే వైరు విప్పేయండి. క్రిస్టల్ పీకేసి ఊరుకుంటే చాలదు.

ఏంటెన్నా గురించి. 72కి పావు తరంగం మీటరుకి కాస్త పైన, అందుకే ఆ పొడుగు. 2.4కి అదే 31 మిల్లీమీటర్లు. అల్యూమినియం పెట్టె లోపల పెడితే సిగ్నల్ బయటికి రాదు. పాత ఏంటెన్నా విప్పితే దాని రంధ్రం ఉంటుంది కదా, దానికి సరిపడా ప్లాస్టిక్ బుష్ చేయించి, అందులోంచి పొట్టి 2.4 ఏంటెన్నా పైకి తీయండి. లోపలి కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇక్కడా కొత్త రంధ్రం అక్కర్లేదు.

ముందు ప్యాక్ తీసి శుభ్రం చేయండి. నల్ల వైరు ఎలా ఉందో చెప్పండి.


బ్రిస్టల్_చందు:

కాకినాడ మావయ్య గారి మాటల్లో బ్యాటరీ, వైరు సంగతి అక్షరాలా నిజం. ఎన్‌కోడర్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను.

నేను ఇక్కడ యూకేలో 35 మెగాహెర్ట్జ్ నాటి స్కైలీడర్ సెట్లు మార్చి వాడుతున్నాను. పాత ఎన్‌కోడర్లో చానలు రివర్స్ చేయలేం, కదలిక చివరలు తగ్గించలేం, ఎక్స్‌పోనెన్షియల్ (స్టిక్కు మధ్యలో ఉన్నప్పుడు స్పందనని మెత్తబరిచేది) ఉండదు. 70లలో అయితే అటు తిరిగే సర్వో (రెక్కలని కదిపే చిన్న మోటారు), ఇటు తిరిగే సర్వో విడివిడిగా కొనేవాళ్లు. ఇప్పుడు ఒక్కో మోడల్ సర్వో ఒకే వైపు తిరిగేదే దొరుకుతుంది. మీ అగ్లీ స్టిక్‌లో ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక రెక్క) ఉల్టా తిరిగితే ఏం చేస్తారు? ఆర్డుయినో అయితే కోడ్‌లో ఒక్క లైను మార్చితే సరి. పైగా ఆ ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు ఇంకెన్నాళ్లు ఉంటాయో ఎవరికి తెలుసు? మాటిచ్చింది ఎగరేస్తానని కదా. నమ్మకంగా ఎగరాలంటే కొత్త బోర్డే మేలు. పాత బోర్డు కవర్లో భద్రంగా పెట్టుకోండి, అంతవరకు నేనూ సరేనంటాను.

బ్యాటరీకి నేను మూడు సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వాడతాను, 9.9 ఓల్టులు వస్తుంది, పాత స్లాటులో పడుతుంది. దానికి పాత గోడ చార్జరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు.


ఒహాయో_రెక్కలు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఈ వారాంతం కూర్చున్నాను.

మైనస్ వైరు మీరన్నట్టే ఉంది మావయ్యగారూ. బ్యాటరీ దగ్గర బొగ్గు. స్విచ్చి దగ్గర ఒలిచినా నలుపే. స్విచ్చి అవతల, బోర్డు వైపు మాత్రం రాగి ఎర్రగా మెరుస్తోంది. వైర్లూ స్విచ్చీ మార్చేశాను. నిమ్మ ఉప్పు ఇండియన్ స్టోర్‌లోనే దొరికింది. పొడి బోర్డుల మీద పడలేదు.

తర్వాత రేడియో బోర్డు పవర్ వైరు విప్పి, బెంచి సప్లై 9.6 దగ్గర పెట్టి, కరెంటు 100 మిల్లీఆంపులకి మించకుండా కట్టడి చేసి ఆన్ చేశాను. ఎన్‌కోడర్ పనిచేస్తోంది! ఆసిలోస్కోప్ లేదు, చవక లాజిక్ ఎనలైజర్ ఉంది. మీరు చెప్పిన రెసిస్టర్ల జత ద్వారానే దానికి కలిపాను. చానళ్లన్నీ స్టిక్కులతో పాటు కదులుతున్నాయి. స్క్రీన్ మీద ఆ పల్సులు చూస్తుంటే ఒళ్లు పులకరించింది. పెద్దాయనకి ఫోటో పంపాను.

రెండు తేడాలు కనిపించాయి. ఎలివేటర్ స్టిక్కు మధ్యలో పెట్టి వదిలేస్తే విలువ నిలకడగా ఉండటం లేదు, 1.50 నుంచి 1.53 దాకా ఎగురుతోంది. రెండోది, ఎన్‌కోడర్ బోర్డుకి హెయిర్ డ్రయర్ చూపిస్తే మిగతా చానళ్లు కదలడం లేదు గానీ రడ్డర్ ఒక్కటే మెల్లగా పక్కకి జరుగుతోంది. చల్లారితే వెనక్కి వస్తోంది. దీన్నిబట్టి ఎన్‌కోడర్ మీద ఆశ వదులుకోవాలా?


కాకినాడ_వైర్‌లెస్:

ఎందుకు వదులుకోవాలి? రెండు లక్షణాలు విడివిడిగా దొరికాయంటే రోగం ఎక్కడుందో సగం తెలిసిపోయినట్టే.

ఎలివేటర్ ఎగరడం పాట్‌ది, అంటే స్టిక్కుతో పాటు తిరిగే వేరియబుల్ రెసిస్టరుది. బోర్డుది కాదు. స్టిక్కు మధ్యలోనే ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి కార్బన్ పట్టీ కూడా అక్కడే అరిగిపోతుంది. ముల్లు ఉన్న పాత మల్టీమీటర్ దొరికితే ఓమ్స్‌లో పెట్టి స్టిక్కుని చాలా నిదానంగా కదపండి. డిజిటల్ మీటర్ అంకెలు ఆలస్యంగా మారతాయి, వాటితో ఇది పట్టుకోలేం. ముల్లు సాఫీగా కదలకుండా ఒకచోట ఉలిక్కిపడితే అక్కడే గాడి పడిందని అర్థం. ముందు కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి స్టిక్కుని ఈ చివర నుంచి ఆ చివరకి చాలాసార్లు తిప్పండి. డబ్ల్యూడీ 40 వద్దు, అది జిడ్డు వదిలి దుమ్మును పట్టుకుంటుంది. క్లీనర్‌తో లొంగకపోతే పాట్ మార్చాలి. కొత్తది కొనేముందు పాతదాని విలువ కొలవండి, షాఫ్టు వ్యాసం, పొడవు కూడా చూడండి. మీ సెట్టులో ట్రిమ్ లీవరు కదిపితే పాట్ ఒళ్లంతా తిరుగుతోందా, చూడండి. ఆ కాలంలో ట్రిమ్ అంటే అదే, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేదు. అలాగైతే కొత్త పాట్ కూడా ఆ పట్టులో వదులు లేకుండా కూర్చోవాలి, వైర్లు తిరగడానికి కాస్త జాగా ఉండాలి.

రడ్డర్ జరగడం ఆ చానలు కాలాన్ని నిర్ణయించే కెపాసిటర్ వల్ల. ఆ కాలం ఎన్‌కోడర్లలో ఒక్కో చానలుకి ఒక్కో చిన్న దశ, ఒకటి ముగిస్తే రెండోది మొదలవుతుంది, బళ్లో పిల్లలు వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు పాఠం అప్పజెప్పినట్టు. మిగతావాళ్లు సరిగ్గా చెబుతున్నారు కాబట్టి ఆ ఒక్క దశలోని కెపాసిటర్ చూడండి. డ్రయర్ బదులు సోల్డరింగ్ ఐరన్ మొనని తాకించకుండా ఒక్కో భాగం దగ్గరికి తీసుకెళ్లండి. ఏది వేడెక్కితే విలువ పరుగెడుతుందో అదే దొంగ. దాని మీద రాసిన విలువకే ఫిల్మ్ కెపాసిటర్ గానీ సీ0జీ రకం సెరామిక్ గానీ వేయండి. ఎక్స్7ఆర్ రకం వద్దు, వేడికి మారిపోయేది అదే. తీసిన పాతది కూడా కవర్లో వేయడం మరచిపోకండి.

చందు గారూ, సర్వో దిశ గురించి మీరన్నది నిజమైన ఇబ్బందే. కానీ అగ్లీ స్టిక్‌లో దానికి విమానంలోనే మందుంది. సర్వో ఆర్మ్ మీద పుష్‌రాడ్‌ని అటు రంధ్రం నుంచి ఇటు రంధ్రానికి మారిస్తే దిశ మారిపోతుంది. లేదా కంట్రోల్ హార్న్‌ని పైనుంచి కిందకి తిప్పొచ్చు. ఎక్కువ తిరుగుతుంటే హార్న్ మీద బయటి రంధ్రంలోకి పోవాలి. 70లలో అందరూ చేసింది ఇదే. 1967లో కోర్సికాలో ఫిల్ క్రాఫ్ట్ క్విక్ ఫ్లై 3తో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఎక్స్‌పోనెన్షియల్ కోడ్ ఎక్కడుంది? చేతి కదలికకీ రెక్క కదలికకీ మధ్య ఏదీ అడ్డు లేకుండా ఎలా ఉంటుందో ఒక్కసారి రుచి చూడాలంటే ఈ బోర్డుతోనే చూడాలి. ఆర్డుయినో పెట్టాక చేతిలో మిగిలేది పాత పెట్టె, పాత స్టిక్కులు. అవీ గొప్పవే, కాదనను. కానీ ఎగరేస్తున్న అనుభవం సగమే పాతది అవుతుంది.

అయినా ఎప్పుడో ఒకరోజు ఈ ఎన్‌కోడర్ నిజంగా పోవచ్చు. అప్పటికి ఎవరికైనా పనికొస్తుందని ఆర్డుయినో గురించి కూడా రాస్తున్నాను, ఎందుకంటే వీడియోల్లో చెప్పని విషయం ఒకటుంది. పాట్ మొత్తం 270 డిగ్రీలు తిరుగుతుంది, స్టిక్కు మాత్రం దాన్ని ఓ 60 డిగ్రీలే తిప్పుతుంది. ఆర్డుయినో ప్రో మినీ మీద ఏడీసీ (ఓల్టేజిని అంకెగా మార్చే భాగం) 10 బిట్లు, అంటే 1024 మెట్లు. అందులో మన వాటాకి వచ్చేవి 228 మాత్రమే. 1000 మైక్రోసెకన్ల ప్రయాణాన్ని 228 మెట్లకి పంచితే ఒక్కో మెట్టు 4.4 మైక్రోసెకన్లు. ల్యాండింగ్‌లో ఎలివేటర్ మెట్లు మెట్లుగా కదులుతున్నట్టు చేతికి తెలిసిపోతుంది. ప్రతి పాట్‌ని 16 సార్లు చదివి, మొత్తాన్ని 4తో భాగిస్తే 12 బిట్ల పని జరుగుతుంది, మెట్టు 1.1కి దిగుతుంది. పాట్ రెండు చివరలకీ ఇచ్చే 5 ఓల్టులే ఏడీసీకి కూడా కొలబద్దగా ఉండాలి. అప్పుడు సప్లై కాస్త అటూఇటూ అయినా స్టిక్కు విలువ మారదు. పల్సులని డిలే ఫంక్షన్లతో తయారుచేయకండి, టైమర్ 1తో చేయండి. 16 మెగాహెర్ట్జ్‌ని 8తో భాగిస్తే ఒక్కో టిక్కు అర మైక్రోసెకను వస్తుంది. 22.5 మిల్లీసెకన్ల ఫ్రేములో (చానళ్లన్నిటి ఒక చుట్టులో) 8 చానళ్లు పూర్తిగా చాచినా 16 మిల్లీసెకన్లే, ఖాళీకి 6.5 మిగులుతుంది.


కోఠీ_సర్క్యూట్స్:

హైదరాబాద్ నుంచి. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు ఏరోమోడలింగ్ పట్టుకుంది, ఇంకా వదల్లేదు. మా బాబాయి అప్పట్లో అమెరికా నుంచి తెచ్చిన ఫుటాబా 72 సెట్టు నా దగ్గరుంది, ఇది చదివాక అటక మీద నుంచి దింపాను. బ్యాటరీ కారలేదు, బతికిపోయాం.

ఇక్కడి వాళ్ల కోసం ఒక మాట. జీనర్లు, ఫిల్మ్ కెపాసిటర్లు, సిలికాన్ వైరు అన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పాట్ మాత్రం పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. విలువ చెబితే షాఫ్టు వేరేది ఇస్తారు, మళ్లీ ఇంకోసారి తిరగాలి.

నా సందేహం మీటర్ గురించి. రేడియో బోర్డు ఆపేశాక ముల్లు కదలదు కదా. అది ఊరికే చచ్చినట్టు పడి ఉండటం చూడలేకపోతున్నాను. ఏమైనా పని ఇవ్వొచ్చా?


బ్రిస్టల్_చందు:

మావయ్య గారూ, ఏడీసీ లెక్క బాగా చెప్పారు. నేను 12 బిట్ల ఎస్‌టీఎం32 బోర్డు వాడతాను, అందులో ఈ తలనొప్పి తక్కువ. పుష్‌రాడ్ సంగతి ఒప్పుకుంటున్నాను, అగ్లీ స్టిక్ లాంటి విమానానికి సరిపోతుంది. ఒకే సర్వోకి రెండు ఎయిలరాన్లు ఉన్నంతవరకు బాధ లేదు. చెరో సర్వో పెట్టి ఫ్లాపరాన్లు (ఫ్లాపుల్లా కూడా పనిచేసే ఎయిలరాన్లు) కావాలనుకునేవాళ్లకి మాత్రం నా మాటే ఖాయం.

ఒహాయో తమ్ముడూ, మాడ్యూల్‌కి కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నారు? స్విచ్చింగ్ రెగ్యులేటర్ పెట్టకండి, దాని గోల పాట్ల దాకా వస్తుంది. మామూలు 7805 రెగ్యులేటర్ చాలు. 200 మిల్లీఆంపుల దగ్గర ఇంచుమించు ఒక వాటే వేడి. దాని ట్యాబ్ గ్రౌండే కాబట్టి, పెట్టె బ్యాటరీ మైనస్‌కి కలిసి ఉందని మీటర్‌తో చూసుకుని, లోపల ఉన్న ఏదైనా మరకే బిగించేయవచ్చు.


ఒహాయో_రెక్కలు:

7805నే పెట్టాను చందు అన్నా.

దొంగ దొరికాడు. రడ్డర్ దశలో గోధుమ రంగు బిళ్ల కెపాసిటర్. ఐరన్ మొన దగ్గరికి తేగానే విలువ పరుగెత్తింది. ఫిల్మ్‌ది వేశాక డ్రయర్ ఎంతసేపు చూపించినా కదలడం లేదు. ఎలివేటర్ పాట్ క్లీనర్‌తోనే దారికొచ్చింది, ఇప్పుడు ఎగరడం లేదు. కాబట్టి పాత ఎన్‌కోడరే ఉంటోంది. బుష్ మా క్లబ్బులో లేత్ ఉన్నాయన నైలాన్‌తో చేసిచ్చారు.

మాడ్యూల్ రిసీవరుతో బైండ్ (జత) అయింది. ఒక్కటే చిక్కు, థ్రాటిల్ స్టిక్కు కదిపితే రిసీవర్లో ఇంకో సర్వో కదులుతోంది.


కాకినాడ_వైర్‌లెస్:

చాలా సంతోషం. రేడియో ఇచ్చిన పెద్దాయనకి ఈ వార్త కూడా చెప్పండి.

చిక్కు చిన్నదే. మల్టీప్రోటోకాల్ మాడ్యూల్ మొదట ఎయిలరాన్, తర్వాత ఎలివేటర్, థ్రాటిల్, రడ్డర్ అన్న వరసలో చానళ్లు వస్తాయనుకుంటుంది. మీ ఎన్‌కోడర్ వరస వేరు. లాజిక్ ఎనలైజర్లో ఏ స్టిక్కు ఎన్నో పల్సుని కదుపుతోందో రాసుకుని, రిసీవర్ దగ్గర సర్వో ప్లగ్గులని ఆ ప్రకారం మార్చుకుంటే చాలు. కానీ ఫెయిల్‌సేఫ్ దగ్గర దీన్ని మరచిపోకండి. సిగ్నల్ పోతే థ్రాటిల్ కిందకి పడాలి, అదీ మీరు ఏ ప్లగ్గులో థ్రాటిల్ పెట్టారో ఆ చానలుకి. సెట్ చేశాక ప్రొపెల్లర్ విప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపేసి మీ కళ్లతో చూడండి. తర్వాత మాడ్యూల్ పవర్ తగ్గించి ముప్పై అడుగులు వేసి రేంజి చెక్ చేయండి. ట్రాన్స్‌మిటర్‌ని ఛాతీ ముందు, పక్కకి, వెనక్కి తిప్పి అన్ని వైపులా చూడండి. లోహపు పెట్టె ఒక వైపు నీడ వేస్తుంది. ఏ వైపు సర్వోలు తడబడుతున్నాయో చూసి ఏంటెన్నా వంపు మార్చండి.

పాత క్రాఫ్ట్ సర్వోలు వచ్చి ఉంటే వాటిని ఈ రిసీవరుకి తగిలించకండి. ఆ కాలంలో చాలావాటికి నాలుగు వైర్లు ఉంటాయి, అందులో ఒకటి బ్యాటరీ నడిమి నుంచి వచ్చే వైరు, కొత్త రిసీవర్లో దానికి చోటు లేదు. విమానంలో కొత్త సర్వోలే వేయండి.

కోఠీ తమ్ముడూ, మీటర్‌కి మంచి పనే ఉంది. దాన్ని బ్యాటరీ ఓల్టేజి చూపించే మీటర్‌గా మార్చండి. ముందు దాని రెండు వైర్లూ బోర్డు నుంచి విప్పి, ఎంత కరెంటుకి ముల్లు చివరకి పోతుందో కనుక్కోవాలి. 9 ఓల్టు బ్యాటరీ, 1 మెగా ఓమ్ పాట్, దానికి వరసలో 4.7కే రెసిస్టరు, ఒక మల్టీమీటర్ చాలు. పాట్‌ని ఎక్కువ ఓమ్స్ వైపు పెట్టి మొదలుపెట్టి మెల్లగా తగ్గించండి, ముల్లు చివరకి చేరగానే ఆపి కరెంటు చదవండి. 200 మైక్రోఆంపులు అనుకుందాం, 12 ఓల్టులకి ఫుల్ రావాలంటే 60కే. అదే 1 మిల్లీఆంప్ అయితే 12కే. రెసిస్టరుని మీటరు వెనకే సోల్డర్ చేసి, స్విచ్చి తర్వాతి ప్లస్‌కి కలపండి, అప్పుడు ఆపేసినప్పుడు కరెంటు తినదు. మీటర్ గాజు తెరిచి డయల్ మీద గీతలు గీయకండి. 9 ఓల్టుల దగ్గర ముల్లు ఎక్కడ ఉంటుందో చూసుకుని, గాజు మీద ఊడొచ్చే సన్న ఎర్ర టేపు అతికించండి. ముల్లు దాని కిందకి వస్తే దించేయాలి.

మీ మీటర్ ఎంత కరెంటుకి నిండుతుందో కొలిచి ఇక్కడ రాయండి, రెసిస్టరు లెక్క కలిసి చూద్దాం.